సబ్‌కాంట్రాక్ట్ 30,000 డాలర్ల లోపే ఉంటే అప్రెంటిస్ అక్కర్లేదా? (కాలిఫోర్నియా ప్రభుత్వ పనులు)

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒక ప్రభుత్వ స్కూలు మరమ్మతు పని. ప్రైమ్ కాంట్రాక్ట్ (ప్రభుత్వ సంస్థతో నేరుగా ఉన్నది) 4 లక్షల డాలర్లు, అందులో ఎలక్ట్రికల్ సబ్‌కాంట్రాక్ట్ 29,500. ఇద్దరు జర్నీమ్యాన్లు (శిక్షణ పూర్తయిన పనివాళ్లు), మూడు వారాలు, మొత్తం 240 గంటలు. 30,000 లోపు పనికి అప్రెంటిస్‌ని (శిక్షణలో ఉంటూ పని చేసే మనిషిని) పెట్టాలనే నియమం వర్తించదని కొందరంటున్నారు, జనరల్ కాంట్రాక్టరేమో పెట్టి తీరాలంటున్నారు. డీఏఎస్ (రాష్ట్ర అప్రెంటిస్‌షిప్ విభాగం) 140 ఫారం కౌంటీలో ఒక అప్రెంటిస్‌షిప్ కమిటీకి (అప్రెంటిస్‌లకు శిక్షణ ఇచ్చి పనులకు పంపేవాళ్లకి) పంపి వారమైంది, ఉలుకూ పలుకూ లేదు. మనిషిని పంపాల్సింది వాళ్లే కదా, ఇక మా బాధ్యత తీరినట్టేనా?

జవాబు 1:
తీరలేదండీ. ముందు ఆ 30,000 సంగతి. లేబర్ కోడ్ 1777.5 ఇచ్చిన మినహాయింపు జనరల్ కాంట్రాక్టర్‌కి, లేదా ప్రభుత్వ సంస్థతో నేరుగా ఒప్పందం చేసుకున్న స్పెషాలిటీ కాంట్రాక్టర్‌కి (ఎలక్ట్రికల్ లాంటి ఒకే రకం పని చేసేవారికి). ప్రైమ్ కింద పని చేసే సబ్‌కి అది లేదు. ప్రైమ్ 4 లక్షలది కాబట్టి మీ జనరల్ కాంట్రాక్టర్ మాటే నిజం.

అసలు పొరపాటు డీఏఎస్ 140 దగ్గర జరుగుతోంది. అది 'ఈ పని మాకు వచ్చింది, ఇన్ని గంటలు పడుతుంది' అని తెలియజేసే కాగితం, అంతే. దాన్ని చూసి ఎవరూ మనిషిని పంపరు. మనిషిని అడగడానికి డీఏఎస్ 142 వేరుగా ఉంది. రెండూ ఒకటే అనుకుని చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

140ని ఒప్పందం మీద సంతకమైన 10 రోజుల్లోపు పంపాలి. పనివాళ్లు సైట్‌లో దిగే మొదటి రోజు అంతకంటే ముందే వస్తే, ఆ రోజు దాటకూడదు. అందులో మూడు గడులుంటాయి. ఏదైనా కమిటీ మీకు ముందే శిక్షణ అనుమతి ఇచ్చి ఉంటేనే మొదటి గడి. అలా లేకపోతే ఆ కౌంటీలో మీ క్రాఫ్ట్‌కి (పని రకానికి) ఉన్న కమిటీలన్నిటికీ పంపాలి, ఒక్కదానికి పంపితే చెల్లదు. మిగిలినవాటికి ఇవాళే పంపండి.

142 మనిషి కావలసిన సమయానికి 72 గంటల ముందు చేరాలి. శని, ఆది, సెలవు రోజులు లెక్కలోకి రావు. సోమవారం పొద్దున 7కి కావాలంటే బుధవారం పొద్దున 7 లోపే అడగాలి. మొదటి కమిటీ పంపకపోతే రెండోదాన్ని, తర్వాత మూడోదాన్ని, అలా అందరినీ అడగాలి. ఫోన్‌లో చెప్తే లెక్క కాదు. ఈమెయిల్, ఫ్యాక్స్, పోస్టు, ఏదైనా రాతపూర్వకంగా ఉండాలి, రుజువు దాచాలి.

జవాబు 2:
గంటల లెక్క: ప్రతి 5 జర్నీమ్యాన్ గంటలకి కనీసం 1 అప్రెంటిస్ గంట. 240కి 48, అంటే ఆరు పూర్తి రోజులు. రోజుకి 8, వారానికి 40 దాటిన జర్నీమ్యాన్ గంటలు ఈ లెక్కలోకి రావు. అదే 240 గంటల్ని ఇద్దరూ రోజుకి 10 చొప్పున 12 రోజుల్లో చేస్తే లెక్కకొచ్చేవి 192, అప్రెంటిస్ గంటలు 38.4.

గంట, రెండు గంటలకి మనిషిని రమ్మనడం కుదరదు. జర్నీమ్యాన్ పని 40 గంటల లోపుండే చిన్న పనులు తప్ప, 142లో అడిగేది 8 గంటలు లేదా మొత్తం అప్రెంటిస్ గంటల్లో 20 శాతం, ఏది ఎక్కువైతే అది. మీకు 9.6 గంటలు. నా సలహా, ఆ ఆరు రోజులూ మొదటి వారం నుంచే అడగండి. కమిటీలు ఎవరినీ పంపకపోతే తప్పు మీది కాదు, నిజమే. కానీ నిష్పత్తి పూర్తి చేయడానికి సరిపడా సమయం ఉండగా అడిగి ఉంటేనే ఆ రక్షణ. చివరి వారంలో 142 పంపి 'ఎవరూ రాలేదు' అంటే ఒప్పుకోరు.

ఇన్‌సైడ్ వైర్‌మ్యాన్ (భవనం లోపల కరెంటు వైరింగ్ చేసేవారి) గంటలు, కమ్యూనికేషన్ ఇన్‌స్టాలర్ (ఫోన్, డేటా కేబుళ్లు వేసేవారి) గంటలు కలిపేయకండి. క్రాఫ్ట్ మారితే కమిటీలు వేరు, లెక్క వేరు.

ప్రశ్న అడిగినవారు:
మా దగ్గర ఒక హెల్పర్ ఉన్నాడు, పని బాగా నేర్చుకుంటున్నాడు. అతన్నే అప్రెంటిస్‌గా చూపించవచ్చా?

జవాబు 1:
రాష్ట్రం ఆమోదించిన ప్రోగ్రామ్‌లో అతని పేరు నమోదై ఉంటేనే. లేకపోతే అతను చేసిన ప్రతి గంటకీ ఆ క్రాఫ్ట్ జర్నీమ్యాన్ ప్రివెయిలింగ్ వేజ్ (ప్రభుత్వ పనులకు రాష్ట్రం నిర్ణయించిన కూలి) పూర్తిగా ఇవ్వాలి. పైగా ఆ గంటలు జర్నీమ్యాన్ ఖాతాలో పడి, పెట్టాల్సిన అప్రెంటిస్ గంటలు ఇంకా పెరుగుతాయి. తక్కువ కూలి ఇచ్చి సర్టిఫైడ్ పేరోల్‌లో (నిజమని ధ్రువీకరించి ఇచ్చే కూలి పట్టీలో) అప్రెంటిస్ అని రాస్తే, తనిఖీలో మొదట పట్టుబడేది అదే. పాపం, నష్టపోయేది ఆ కుర్రాడే. అతన్ని ప్రోగ్రామ్‌లో చేర్పించే దారి చూడండి.

జవాబు 3:
పైవాళ్లు చెప్పని విషయం, ట్రైనింగ్ ఫండ్. అప్రెంటిస్ వచ్చినా రాకపోయినా ఇది కట్టాలి. వేజ్ డిటర్మినేషన్‌లో (రాష్ట్రం ప్రకటించే కూలి రేట్ల పట్టికలో) 'ట్రైనింగ్' కింద ఉన్న మొత్తాన్ని పనివాడి చేతికి ఇవ్వకూడదు. ఆమోదం పొందిన ప్రోగ్రామ్‌కి గానీ, సీఏసీ-2 ఫారంతో కాలిఫోర్నియా అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్‌కి గానీ పంపాలి. ఒక నెల పనికి తర్వాతి నెల 15 గడువు.

తెలిసి తప్పితే జరిమానా రోజుకి 100 డాలర్ల వరకు ఉంటుంది. పని లేని రోజులు కూడా లెక్కే, ఎందుకంటే చట్టం చెప్పేది క్యాలెండర్ రోజు. మూడేళ్లలో రెండోసారి దొరికితే, దానివల్ల అప్రెంటిస్‌కి శిక్షణ దక్కకపోయి ఉంటే, 300 దాకా వెళ్తుంది. పని ముగిసిన 60 రోజుల్లోపు జర్నీమ్యాన్, అప్రెంటిస్ గంటల స్టేట్‌మెంట్ కమిటీకి పంపడం మర్చిపోవద్దు.