బిల్ షాంక్లీ 1974లో ఎందుకు తప్పుకున్నారు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మా ఊళ్లో ఫుట్‌బాల్ ఆడే పిల్లల కోసం, ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్‌కి మేనేజర్‌గా పనిచేసిన బిల్ షాంక్లీ జీవితం తెలుగులో రాస్తున్నాను, చివరి భాగం దగ్గర ఆగిపోయింది.

1913లో స్కాట్లాండ్‌లోని గ్లెన్‌బక్ అనే బొగ్గుగనుల పల్లెలో పుట్టారు, ఐదుగురు అన్నదమ్ములూ ప్రొఫెషనల్ ఆటగాళ్లే. ఆయన కూడా ముందు గనిలో పనిచేసి, తర్వాత ప్రెస్టన్ అనే ఇంగ్లండ్ క్లబ్ తరఫున 1938లో ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్‌లోని నాకౌట్ టోర్నీ) గెలిచారు. 1959 డిసెంబరులో లివర్‌పూల్ మేనేజర్‌గా వచ్చేసరికి ఆ టీమ్ రెండో డివిజన్‌లో ఉంది. 1962లో మొదటి డివిజన్‌కి తెచ్చారు, 1964, 1966, 1973లో లీగ్ గెలిపించారు. నాకు బాగా నచ్చేది 1964 సంగతి: ప్రత్యర్థులకి మనవాళ్లు ఇంకా పొడుగ్గా, భయంకరంగా కనపడాలని, ఆజానుబాహుడైన కెప్టెన్ రాన్ యేట్స్‌కి ఎర్ర నిక్కరు వేయించి చూసి, టీమ్ మొత్తాన్నీ ఎరుపులోకి మార్చేశారు.

అలాంటి మనిషి 1974 మేలో ఎఫ్ఏ కప్ గెలిచి, జులైలో, అరవై ఏళ్లకే రాజీనామా చేశారు. ఆ తర్వాత కూడా క్లబ్ ప్రాక్టీసు మైదానం మెల్‌వుడ్‌లో ప్రాక్టీసుకి వచ్చేవారట, కుర్రాళ్లు ఇంకా బాస్ అనే పిలుస్తుంటే కొత్త మేనేజర్ బాబ్ పెయిస్లీకి ఇబ్బందయ్యేదట. చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది.

అసలు కారణం అలసటా, ఇంట్లోవాళ్ల కోసమా, బోర్డుతో పడలేదా? ఆయన సొంత మాటల్లో ఉన్న ఇంటర్వ్యూ ఏదైనా వినుంటే చెప్పండి. అలాగే గ్లాస్గో వైపు ఉండే తెలుగువాళ్లెవరైనా గ్లెన్‌బక్‌లో ఆయన స్మారకం చూసుంటే, ఇప్పుడు అక్కడ ఏం మిగిలిందో రాయండి, ఫొటో ఉంటే ఇంకా మంచిది.