విలువంతా శ్రమదే అయితే, మనుషులు తక్కువున్న ఫ్యాక్టరీకి లాభం ఎక్కడిది?

చదువరి:
కార్ల్ మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటం (1867) ప్రకారం అదనపు విలువ (కూలి పోగా యజమానికి మిగిలేది) పుట్టేది కూలీల శ్రమ నుంచే. యంత్రం తన విలువను సరుకులోకి దించుతుందే తప్ప కొత్తగా ఏమీ చేర్చదు. అలాగైతే మనుషులెక్కువున్న బట్టల మిల్లుకి రసాయనాల ఫ్యాక్టరీ కన్నా లాభం రేటు ఎక్కువుండాలి కదా? బయట అలా లేదే!

లెక్కలపిచ్చి:
దీనికి జవాబు మూడో సంపుటం (1894) తొమ్మిదో అధ్యాయంలో ఉందండీ. ఒక్కోటి 100 చొప్పున ఐదు పెట్టుబడులు. అందులో జీతాలకు పోయేది 20, 30, 40, 15, 5. దోపిడీ రేటు (జీతాలతో పోలిస్తే అదనపు విలువ ఎంత అన్నది) అన్నిటా 100 శాతం, కాబట్టి అదనపు విలువా అంతే. మొత్తం 110, అంటే 500 మీద 22 శాతం. లాభం ఎక్కువున్న చోటికి పెట్టుబడి పరుగెడుతుంది, అక్కడ సరుకు పోగుపడి ధర దిగుతుంది. అలా అందరికీ 22 దగ్గర కుదురుకుంటుంది.

మూడోదాన్నే చూడండి. యంత్రాలు, ముడిసరుకులకు పెట్టిన 60లో ఈసారికి సరుకులోకి చేరింది 51, జీతాలు 40, ఖర్చు 91. అదనపు విలువ 40 కలిపితే విలువ 131, అమ్మేది మాత్రం 91+22=113కి. పిండుకున్నదాంట్లో 18 చెయ్యి జారింది. ఐదోదానికి ఖర్చు 15, విలువ 20, ధర 37. ఊరికే 17 కలిసొచ్చింది! ఐదు తేడాలూ (+2, −8, −18, +7, +17) కూడితే సున్నా.

తూనికరాయి:
లెక్క సరే, మెలిక ఆ 51లో ఉంది. దాన్ని విలువ దగ్గరే వేశారు. ఆ యంత్రాన్ని అమ్మినవాడూ 22 శాతం చూసుకునే అమ్ముతాడుగా? ఇక్కడ పొరపాటుకు వీలుందని మార్క్సే అదే అధ్యాయంలో చెప్పి ముందుకెళ్లిపోయాడు. 1907లో బోర్ట్‌కీవిచ్ అనే ఆర్థికవేత్త ఖర్చు వైపు కూడా ధరల్లోకి మార్చి సమీకరణాలు కట్టాడు. అప్పుడు మొత్తం ధర మొత్తం విలువకీ, మొత్తం లాభం మొత్తం అదనపు విలువకీ సమానం కావడం సాధారణంగా ఒకేసారి కుదరదు. ఒకటి పట్టుకుంటే రెండోది జారుతుంది. 1960లో ఆర్థికవేత్త స్రాఫా ఇంకో అడుగేశాడు. ఉత్పత్తి పద్ధతులు, కూలి రేటు తెలిస్తే చాలు, శ్రమ విలువ జోలికి పోకుండానే ధరలూ లాభం రేటూ తేలతాయని చూపాడు. దీంతో దోపిడీ వాదన కూలిపోయిందనడం తొందరపాటే గానీ, ధరలు కట్టడానికి శ్రమ విలువ ఎందుకన్న ప్రశ్నని దాటెయ్యలేం.

చదువరి:
మరి బద్ధకంగా పదిగంటలు నేస్తే ఆ బట్టకి విలువెక్కువా?

లెక్కలపిచ్చి:
కాదండీ. సగటు నేర్పుతో, ఆ కాలానికి మామూలైన పనిముట్లతో ఎంతసేపు పడుతుందో అదే లెక్క. మార్క్స్ ఉదాహరణ ఇంగ్లండుది: మరమగ్గాలొచ్చాక నూలును బట్ట చేసే శ్రమ దాదాపు సగానికి పడింది. చేమగ్గం నేతగాడు మునుపట్లాగే గంటసేపు నేస్తాడు, కానీ బజార్లో అది అరగంటగానే చెల్లుతుంది.