అప్‌డేట్: ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో నెగెటివ్‌లు మసక – తేడా హోల్డర్ ఎత్తులోనే

పాత ప్రశ్న క్లుప్తంగా: అమలాపురం స్టూడియోలో 1986 గోదావరి వరద నాటి 35 ఎం.ఎం. నెగెటివ్‌లను 4800 డీపీఐలో (అంగుళానికి 4800 చుక్కలు) స్కాన్ చేస్తే ఫైలు బరువు పెరుగుతోందే గానీ వివరం పెరగడం లేదు.

హోల్డర్ (ఫిల్మ్‌ని పట్టి ఉంచే చట్రం) కింద కాగితాలు పెట్టి చూడమన్నవారికి ధన్యవాదాలు. అదే పనిచేసింది: ఫిల్మ్ లెన్సు ఫోకస్ ఎత్తుకి వచ్చింది. జెరాక్స్ కాగితం ఒక్కోటి సుమారు 0.1 మి.మీ. మందం. హోల్డర్ నాలుగు మూలలా రెండేసి చొప్పున పెంచుతూ, ప్రతిసారీ యూఎస్ఏఎఫ్ 1951 టార్గెట్‌ని స్కాన్ చేశాం. అంటే గ్రూపులు, ఎలిమెంట్లుగా క్రమంగా సన్నబడే గీతలున్న పరీక్ష పలక. మొదట గ్రూప్ 4 ఎలిమెంట్ 4 వరకే గీతలు విడిగా కనిపించాయి: మి.మీ.కి 22.6 జతలు (ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత కలిపి జత). జతకి రెండు చుక్కలు, అంగుళానికి 25.4 మి.మీ. కాబట్టి దాన్ని 50.8తో గుణిస్తే దాదాపు 1150 డీపీఐ. పన్నెండు కాగితాల దగ్గర గ్రూప్ 5 ఎలిమెంట్ 4 తేలింది: 45.3 జతలు, అంటే 2300. పద్నాలుగుకి మళ్లీ తగ్గింది. పెట్టె మీద రాసిన 4800 మాత్రం శాంప్లింగ్ (అంగుళానికి ఎన్ని చుక్కలు తీసుకుంటుందనే) లెక్కే, లెన్సు సత్తా కాదు.

కొలిచేముందు షార్పెనింగ్ (సాఫ్ట్‌వేర్ అంచులకు పదును పెట్టడం) ఆపాలి. లేకపోతే అంచు పక్కన తెల్లటి గీత వచ్చి ఎంటీఎఫ్ (సన్నటి వివరాల్లో నలుపు తెలుపుల తేడా ఎంత నిలుస్తుందో చెప్పే కొలత) అంకె ఉత్తుత్తిగా పెరుగుతుంది. టార్గెట్ బదులు బ్లేడు అంచుని స్కాన్ చేసి కొలిస్తే, దాన్ని 5 డిగ్రీలు ఏటవాలుగా పెట్టండి.

కాకినాడ మెకానిక్ స్కానర్ అద్దం లోపలి మసక పొర తుడిచారు. మన తేమకి అది మామూలే. నలుపు చిక్కబడింది, రిజల్యూషన్ అంకె కదల్లేదు. యూఎస్‌బీ కేబుల్, డ్రైవర్ మార్చడం వృథా. చుట్టుకుపోయిన నెగెటివ్‌లను రెండ్రోజులు బరువు కింద ఉంచాకే స్కాన్ చేస్తున్నాం. మధ్యలో ఉబ్బితే ఈ ఎత్తు లెక్కంతా తప్పుతుంది.