అమెరికా విద్యా రుణాల లెక్క తప్పితే ఎవరినీ అడగకుండా పూడ్చేయడమేనా?

లెక్కల మనిషి:
1997 నుంచి 2021 దాకా ఇచ్చిన ప్రత్యక్ష విద్యా రుణాల (ప్రభుత్వమే నేరుగా ఇచ్చేవి) మీద ఖజానాకు 11,400 కోట్ల డాలర్లు మిగులుతాయని అమెరికా విద్యాశాఖ మొదట లెక్కేసింది. 2022లో జీఏవో (మన కాగ్ లాంటిది) చూసేసరికి అదే పద్దు 19,700 కోట్ల ఖర్చుగా తేలింది. అంటే 31,100 కోట్ల తేడా!

1990 నాటి చట్టం ప్రకారం అప్పు ఇచ్చిన ఏడాదే, అది తీరేలోపు అయ్యే ఖర్చంతా నేటి విలువలో (ముందుముందు వచ్చే, పోయే డబ్బును వడ్డీ తీసేసి ఇవాళ్టి లెక్కకు తెచ్చి) బడ్జెట్‌లో చూపాలి. తర్వాత ఏటా ఆ అంచనాను మళ్లీ లెక్కేస్తారు. ఖర్చు పెరిగితే ఆ తేడా ఖజానా నుంచి దానంతటదే వచ్చేస్తుంది. కాంగ్రెస్ (పార్టీ కాదండోయ్, వాళ్ల పార్లమెంటు) మళ్లీ ఓటెయ్యక్కర్లేదు. నా పేచీ అక్కడే. మొదట తక్కువ చూపిన శాఖకు పోయేదేముంది?

డల్లాస్ పిన్ని:
31,100 కోట్లూ అంచనా తప్పు కింద రాసేశారేం? అందులో 12,200 కోట్లు తర్వాత చేసిన మార్పుల వల్ల పెరిగినవి. 2020 మార్చిలో కోవిడ్ అని కిస్తీలు ఆపేశారు కదా, అలాంటివి. మా అమ్మాయి అప్పుకూ అప్పుడు వడ్డీ పడలేదు. 1997లో కూర్చున్నవాడు అది ఊహించాలా? అయినా ఓటు పెట్టి ఏం చేస్తారు? డబ్బు కాలేజీలకు ఎప్పుడో చేరిపోయింది.

లెక్కల మనిషి:
సరే, అది నా పొరపాటే. మిగతా 18,900 కోట్ల సంగతో? జీతాన్ని బట్టి కిస్తీ కట్టే పథకాల్లో ఎంతమంది చేరతారు, వాళ్లకు వచ్చే జీతమెంత లాంటిచోట్ల లెక్క తప్పింది. అది కోవిడ్ చేసింది కాదుగా.

రిటైర్డ్ మేనేజర్:
ఈ చట్టానికి ముందు ఇంకా ఘోరం. అప్పిస్తే ఆ ఏడాదే మొత్తం ఖర్చు కింద పడేది, బ్యాంకు ఇచ్చే అప్పుకు ప్రభుత్వం గ్యారంటీ ఇస్తే దాదాపు సున్నా. సంతకమే కదా అని గ్యారంటీ ఇచ్చేయడం సులువు. ఇప్పుడు రెండూ ఒకే తూకంలో పడుతున్నాయి, అది మెచ్చుకోవాలి. కానీ నేటి విలువ కట్టేది ట్రెజరీ వడ్డీతో, అంటే ప్రభుత్వం తాను అప్పు తెచ్చుకునే వడ్డీతో. మా బ్రాంచిలో ఎవరైనా మార్కెట్ రిస్కు (రోజులు బాగోకపోతే అనుకున్నదానికంటే ఎక్కువ నష్టపోయే ప్రమాదం) కలపకుండా అలా కడితే ఇంటికి పంపేవాళ్లు. మొండి బాకీ పెరిగితే మాకు లాభంలో కోత పడేది, ఇక్కడ ఆ నొప్పి ఎవరికీ లేదు.

డల్లాస్ పిన్ని:
మేనేజర్ గారూ, మీ బ్యాంకు వాటాదారులకు లాభం చూపాలి. ప్రభుత్వానికి ఆ బాధ ఎందుకు? మార్కెట్ రిస్కు కలిపితే కాగితం మీద ఖర్చు పెరుగుతుంది, ఖజానా నుంచి వెళ్లే డాలర్లు మారవు.

వరంగల్ కుర్రోడు:
మన దగ్గర ఈమాత్రం కూడా లేదు. ప్రభుత్వ హామీతో కార్పొరేషన్లు తెచ్చి, బడ్జెట్ నుంచి తీర్చే అప్పుల్ని 2022లో కేంద్రం రాష్ట్రాల పరిమితిలో కలుపుతానంటే తెలంగాణ ఎంత గొడవ చేసింది!

లెక్కల మనిషి:
ఓటు మాట వెనక్కి తీసుకుంటా. పెరిగిన తేడాలో కొంతైనా వచ్చే ఏడాది ఆ శాఖ ఇచ్చే కొత్త రుణాల్లో కోస్తే? అప్పుడు అంచనా జాగ్రత్తగా వేస్తారు.

డల్లాస్ పిన్ని:
అంటే నిన్నటి పిల్లలు కట్టనిదానికి రేపటి పిల్లల అప్పు కోస్తారా? లెక్క తప్పింది ఆఫీసరు. దీనికి మాత్రం నేను ఒప్పుకోను.