‘ద లిటిల్ రాస్కల్స్’ నచ్చిన పిల్లలకు ‘అవర్ గ్యాంగ్’ చూపించవచ్చా?

ప్రశ్న:
పెనెలొపీ స్ఫీరిస్ దర్శకత్వంలో 1994లో వచ్చిన ‘ద లిటిల్ రాస్కల్స్’ మా పిల్లలకు ఎంతగానో నచ్చింది. దానికి మూలమైన ‘అవర్ గ్యాంగ్’ లఘుచిత్రాలు 1922 నుంచి 1944 వరకు వచ్చాయి కనుక, వాటిలో దేనితో మొదలుపెట్టాలో, ఆ అల్లరికీ ఈ సినిమా అల్లరికీ తేడా ఏమిటో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
అసలు తేడా నటనలో ఉంది. నేర్పిన అభినయాన్ని అప్పజెప్పిన ఒక పాపను చూసి విసుగెత్తిన ‘అవర్ గ్యాంగ్’ నిర్మాత హాల్ రోచ్, తర్వాత కిటికీలోంచి కలప అడితి దగ్గర కర్రముక్కల కోసం తగవులాడుకుంటున్న పిల్లలను చూస్తూ ఉండిపోయారట; ఈ చిత్రాల ఆలోచన అలా పుట్టిందే. అందరికంటే చిన్నవాడు అందరికంటే పెద్ద కర్ర పట్టుకోవడమే ఆ తగవుకు కారణమని ఆయనే చెప్పుకున్నారు. మూకీల కాలంలో దర్శకుడు రాబర్ట్ మెక్‌గోవన్ కూడా పిల్లలకు సన్నివేశం వివరించి, వాళ్ల తీరున వాళ్లను చేయనిచ్చేవారు. 1994 నాటి పిల్లలు ముద్దుగానే ఉన్నారు గాని, వారు పాత చిత్రాల్లోని పిల్లలు స్పాంకీని, అల్ఫాల్ఫాను అనుకరించవలసి వచ్చింది. ఆ సహజత్వం అనుకరణకు లొంగదు.

సమాధానం 2:
అనుకరణ ఉన్నమాట నిజమే, అయినా ఆ సినిమాను తక్కువ చేయలేను. తమ క్లబ్బు ఇల్లు తగలబడితే పెద్దలను ఆశ్రయించకుండా, బహుమతి సొమ్ముతో మళ్లీ కట్టుకుందామని పిల్లలే బండి పందేనికి సిద్ధమవుతారు. ఆడపిల్లలంటే గిట్టని స్పాంకీకి, తాను ఆరాధించే పందెపు వీరుడు ఎ. జె. ఫెర్గూసన్ నిజానికి ఒక మహిళ అని చివర్లో తెలియడం నాకెంతో నచ్చింది, ఎందుకంటే అక్కడ ఉపన్యాసం లేకుండానే పిల్లవాడి మనసు మారుతుంది.

సమాధానం 3:
1936 నాటి ‘బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్’తో మొదలుపెట్టండి. పది నిమిషాల ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. బడి ఎగ్గొట్టడానికి స్పాంకీ, అల్ఫాల్ఫా కలిసి, అల్ఫాల్ఫా నోట్లో బుడగ పెట్టి, దవడ వాచినట్లు, పన్ను నొప్పి పుట్టినట్లు నమ్మించబోతారు. టీచరు ఆ రోజే అందరికీ ఐస్‌క్రీం ఏర్పాటు చేశారని వాళ్లకు తెలియదు! మిగిలినవాటిని మాత్రం ముందు మీరు చూసి ఎంచుకోండి. నల్లజాతి పిల్లలు, తెల్లజాతి పిల్లలు కలిసి ఆడుకోవడం ఆనాటి అమెరికాలో అరుదైన దృశ్యమే అయినా, కొన్ని చిత్రాల్లో నల్లజాతి పిల్లలను హేళన చేసే హాస్యం ఉంది. అది మీ పిల్లల కంటబడితే అక్కడే ఆపి, తప్పని చెప్పండి.