అప్‌డేట్: ఇంటర్ సెకండ్ ఇయర్ మొదలైంది, 1బీ ఇంప్రూవ్‌మెంట్ కూడా రాశాను

ఫస్ట్ ఇయర్ ఎంపీసీలో మ్యాథ్స్ 1బీ పేపర్‌లో 75కి 48 వచ్చాయి, ఇంప్రూవ్‌మెంట్ (మార్కులు పెంచుకోడానికి మళ్లీ రాసే పరీక్ష) రాయాలా, లేక వదిలేసి సెకండ్ ఇయర్ మీద పడాలా అని వేసవిలో అడిగాను. సలహా ఇచ్చిన అన్నలకు, అక్కలకు చాలా థ్యాంక్స్. రాశాను. 71 వచ్చాయి!

తెలంగాణ ఎప్‌సెట్‌లో (రాష్ట్ర ఇంజనీరింగ్ ఎంట్రన్స్) ఇంటర్ మార్కులకు వెయిటేజీ లేదు కాబట్టి అనవసరమని మా క్లాసులో చాలామంది అన్నారు. కానీ నా లక్ష్యం వరంగల్ ఎన్‌ఐటీ. జేఈఈ మెయిన్‌లో ర్యాంకు వచ్చినా, ఇంటర్‌లో 75 శాతం గానీ బోర్డులో టాప్ 20 పర్సంటైల్ (అంటే పై 20 శాతం మందిలో ఉండటం) గానీ లేకపోతే అక్కడ సీటు ఇవ్వరు. ఆ టెన్షన్ ఇప్పుడు చాలావరకు తగ్గింది.

మార్కులకన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది. ఇంప్రూవ్‌మెంట్ కోసం డిఫరెన్షియేషన్ మొత్తం మళ్లీ మొదటినుంచి చేశాను. ఇప్పుడు సెకండ్ ఇయర్ మ్యాథ్స్ 2బీ పేపర్‌లో ఇంటిగ్రేషన్ మొదలుపెట్టగానే సార్ బోర్డు మీద వేసే స్టెప్పులు ముందే తట్టేస్తున్నాయి. 1బీలోని సరళరేఖలు బాగా వచ్చాయి కాబట్టి 2బీలోని వృత్తాలు కూడా భయపెట్టడం లేదు. 1బీలో తక్కువొచ్చినవాళ్లు మార్కుల కోసం కాకపోయినా ఈ రెండు చాప్టర్లు మాత్రం తప్పకుండా మళ్లీ చేయండి, 2బీ వీటి మీదే నిలబడి ఉంది.

ఫిజిక్స్, కెమిస్ట్రీ ఫర్వాలేదు. ప్రాక్టికల్స్‌కు చెరో 30 మార్కులు ఉన్నాయి, రికార్డులు ఎప్పటికప్పుడు రాసేస్తున్నాను. మ్యాథ్స్ రెండో పేపర్ 2ఏలో ప్రాబబిలిటీ ఒక్కటే ఇంకా గట్టిగా పట్టాలి.