‘ల’కి ప్లస్సా, మైనస్సా? అసలు ఈ ఫీచర్లు నిజంగా ఉన్నాయా?

లిపిక
భాషాశాస్త్రం చదువుతున్నాను. ధ్వనుల్ని డిస్టింక్టివ్ ఫీచర్లుగా, అంటే ఒక ధ్వనిని ఇంకోదాని నుంచి వేరుచేసే లక్షణాలుగా, విడగొట్టే పాఠం దగ్గర ఆగిపోయాను. ప, బ రెండూ పెదాలు మూసి పలికేవే. బ పలికేటప్పుడు గొంతులో నాదం ఉంటుంది, ప పలికేటప్పుడు ఉండదు, కాబట్టి బ ప్లస్ వాయిస్, ప మైనస్ వాయిస్. ఇంతవరకు అర్థమైంది. గాలి నోట్లో పూర్తిగా ఆగితే మైనస్ కంటిన్యుయెంట్, ఆగకపోతే ప్లస్ అన్నారు. మరి ‘ల’ సంగతేంటి? నా దగ్గరున్న ఒక పుస్తకంలో ప్లస్ ఉంది, ఇంకోదానిలో మైనస్. పరీక్షలో ఏది రాయాలి?

నాలుకకొన
‘ల’ పలుకుతూ మధ్యలో ఆపి చూడండి. నాలుక కొన పళ్ల వెనక ఆని ఉంటుంది, గాలి మాత్రం పక్కల నుంచి పోతూనే ఉంటుంది. ‘నోట్లో గాలి పూర్తిగా ఆగిపోకూడదు’ అని నిర్వచనం పెట్టుకుంటే ప్లస్. ‘నోటి మధ్యగీత మీద ఆగకూడదు’ అని పెట్టుకుంటే మైనస్. మీ పుస్తకాలు రెండూ వేర్వేరు నిర్వచనాలు తీసుకున్నాయి, అంతే.

ప్రశ్నార్థకం
‘అంతే’ అని తేల్చేయకండి. నేను చదువుకునేటప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. ప్లస్ అని రాసి, కారణం రాసి, నోటి బొమ్మ కూడా గీశాను. సున్నా వేశారు. వెళ్లి అడిగితే నోట్సులో మైనస్ ఉంది, నోట్సులో ఉన్నదే రాయాలన్నారు. అదే నోరు, అదే నాలుక, అదే ధ్వని, గుర్తు మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది అయినప్పుడు ఇవి ధ్వనిలో ఉన్న లక్షణాలు ఎలా అవుతాయి? మనం గీసుకున్న పట్టికలో గడులు. 1952లో యాకబ్సన్, ఫాంట్, హాలే అనే పరిశోధకులు కలిసి చెవికి వినిపించే గుణాలను ఆధారం చేసుకుని 12 ఫీచర్ జతలు ఇచ్చారు. 1968కి వచ్చేసరికి అదే హాలే, చామ్‌స్కీతో కలిసి చెవిని పక్కనపెట్టి నాలుక, పెదాలు, గొంతు ఆధారంగా మొత్తం మార్చి రాశారు. నిజంగా మనిషి మనసులో ఉన్నవైతే 16 ఏళ్లలో మారిపోతాయా?

నాలుకకొన
మారింది మన లెక్క. మనసు కాదు.

నేను మాటలు సరిగా రాని పిల్లలతో పనిచేస్తాను, స్పీచ్ థెరపీ. ‘క’ బదులు ‘త’ అనే పిల్లలు చాలామంది ‘గ’ బదులు ‘ద’ అంటారు. గమనించండి, క పోయి త వచ్చింది, గ పోయి ద వచ్చింది, నాదం మాత్రం చెక్కుచెదరలేదు. పోయింది ఒక ధ్వని కాదు, ‘నాలుక వెనక భాగంతో పలకడం’ అనే ఒక్క లక్షణం. ‘క’ మీద కూర్చుని కష్టపడి నేర్పితే ‘గ’ చాలాసార్లు తక్కువ శ్రమతో వెంట వచ్చేస్తుంది. పట్టికలో గడులే అయితే ఆ పసివాడికి ఆ పట్టిక ఎవరు చూపించారు?

మాహేశ్వర
దీనికి 1952 దాకా ఎందుకు, మన వర్ణమాలే ఫీచర్ పట్టిక. అడ్డంగా చదివితే పరుషం, సరళం, అల్పప్రాణం, మహాప్రాణం, అనునాసికం. నిలువుగా చదివితే కంఠం నుంచి పెదాల దాకా స్థానాలు. పాణిని 14 సూత్రాల్లో ధ్వనుల్ని పేర్చి అచ్ (అచ్చులు), హల్ (హల్లులు), ఇక్, యణ్ అని గుంపుల్ని రెండేసి అక్షరాలతో పిలిచాడు.

ప్రశ్నార్థకం
మాహేశ్వర గారూ, మీరు నా వాదనే చెప్తున్నారు! పాణిని ప్లస్‌లూ మైనస్‌లూ పెట్టలేదు. సూత్రానికి ఏ గుంపు కావాలో ఆ గుంపు దొరికేలా ధ్వనుల్ని వరసలో పేర్చాడు. గుంపు సూత్రం నుంచి వచ్చింది, లక్షణం నుంచి కాదు.

మాహేశ్వర
సగమే చదివారు. ‘తుల్యాస్యప్రయత్నం సవర్ణమ్’ అన్నది కూడా ఆయనే. నోట్లో స్థానమూ, ప్రయత్నమూ ఒకటైతే సవర్ణాలు, అంటే ఒకే జాతి ధ్వనులు. అది లక్షణం కాకపోతే ఏమిటి?

వాణి
నాకు ఒక్కటే అర్థమైంది, ‘ల’ గురించి ఎవరూ ఒప్పుకోరు.

ప్రశ్నార్థకం
సరే, తెలుగులోకే రండి. ద్రుతం (మాట చివరి నకారం) తర్వాత పరుషాలు సరళాలవుతాయి. పూచెను + కలువలు, పూచెఁ గలువలు. క గ అవుతుంది, చ జ, ట డ, త ద, ప బ. ఒక్క వాయిస్ గుర్తు మారిస్తే చాలు, మీ సిద్ధాంతం ఇక్కడ గెలిచింది, ఒప్పుకుంటాను. ఇప్పుడు గసడదవాదేశం చూడండి, అంటే క చ ట త ప లు గ స డ ద వ లు కావడం. వాడు + కొట్టె, వాడు గొట్టె. అపుడు + చనియె, అపుడు సనియె. వారు + పోరు, వారు వోరు. క, ట, త లకు నాదం వచ్చింది. చ కి నాదం రాలేదు, అది స అయింది. ప కి నాదమూ వచ్చింది, మూసిన పెదాలూ విడిపోయాయి. ఏ ఒక్క ఫీచర్ మారిస్తే ఈ ఐదూ వస్తాయో చెప్పండి. రావు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో ఐదు అక్షరాలూ విడిగా చెప్పాల్సి వచ్చింది, అందుకే.

నాలుకకొన
ఐదూ ఒకే దిక్కుకి జరిగాయి కదా. అచ్చుల మధ్య పడ్డ గట్టి ధ్వని మెత్తబడటం ప్రపంచంలో ఎన్నో భాషల్లో ఉంది. కొన్నిటికి నాదం వస్తుంది, కొన్నిటికి గాలి వదులవుతుంది. పైగా ఏవి మారాయో చూడండి. సరిగ్గా క చ ట త ప. మ మారలేదు, ర మారలేదు. ఫలితం ఒక్క ఫీచర్‌తో రాకపోయినా, ఎవరికి ఆ నియమం తగులుతుందో తేల్చేది ఫీచరే.

ప్రశ్నార్థకం
‘ఒకే దిక్కు’ అనేది ఫీచర్ కాదు. ప్లస్, మైనస్ అని మొదలుపెట్టి చివరికి ‘మెత్తబడటం’ దగ్గరికి వచ్చారు. భాషాశాస్త్రవేత్త జెఫ్ మీల్కీ 2008లో 549 భాషల్లో నియమాలకు కలిసి లోబడే ధ్వనుల గుంపుల్ని ఏరి, పేరున్న మూడు ఫీచర్ సిద్ధాంతాలతో సరిచూశాడు. అన్నిటికన్నా మెరుగ్గా పనిచేసింది 1968 నాటిది, అదీ దాదాపు 71 శాతం గుంపుల్నే పట్టుకుంది. మిగతా గుంపులున్న భాషలు మాట్లాడేవాళ్ల మనసుల్లో ఏముంది మరి? మన ‘ల’ కూడా అంతే, కొన్ని భాషల్లో ఆగే ధ్వనులతో కలుస్తుంది, కొన్నిటిలో ఆగని వాటితో.

నాలుకకొన
స్పానిష్ చూడండి. అచ్చుల మధ్య ద వదులుగా పలుకుతారు, గాలి పూర్తిగా ఆగదు. న తర్వాతా ల తర్వాతా మాత్రం పూర్తిగా ఆగే ద. ర తర్వాత మళ్లీ వదులే. అంటే అక్కడ ల, న తో చేరింది, మైనస్ కంటిన్యుయెంట్. భాషే జవాబు చెప్తోంది.

ప్రశ్నార్థకం
పూర్తిగా చెప్పండి. అదే స్పానిష్‌లో ‘అల్గో’, ‘అల్బా’ లో ల తర్వాత గ, బ వదులైపోతాయి. ల నిజంగా మైనస్ అయితే వాటినీ ఆపాలి కదా? ద ఆగింది ల, ద రెండింటికీ నాలుక ఒకే చోట ఆనుతుంది కాబట్టి. దానికి నాలుక చాలు, ప్లస్ మైనస్ అక్కర్లేదు. మీ క్లినిక్ కూడా అంతే. పిల్లవాడికి నాలుక వెనక భాగం ఎత్తడం వచ్చింది, కాబట్టి క, గ రెండూ వచ్చాయి. దాన్ని తెచ్చి సిద్ధాంతానికి సాక్ష్యంగా నిలబెట్టకండి.

నాలుకకొన
మీకు ఎప్పుడో పోయిన మార్కుల కోపం ఇంకా చల్లారలేదు, దానికి నా పనిని తీసి పారేస్తున్నారు. మీరు అన్నంత తేలిక అయితే నాలుక కసరత్తు చేయిస్తే సరిపోయేది. ‘క’ విడిగా అడిగితే చక్కగా పలికి, మాటలో పెట్టగానే ‘త’ అనే పిల్లలు నా దగ్గరికి వస్తారు. నాలుక ఎత్తడం వాళ్లకు వచ్చు. రానిది ఏమిటో మీ నాలుక సిద్ధాంతం చెప్పదు.

మాహేశ్వర
ఇద్దరూ కాస్త నెమ్మది.

ప్రశ్నార్థకం
మార్కుల సంగతి తెచ్చింది నేనే, అది కోపమే, దాచను. నాకు కోపం వచ్చింది ఫీచర్ల మీద కాదు. ఇంకా వాదన నడుస్తున్న ఊహను తేలిపోయిన నిజంలా నేర్పడం మీద. పుట్టుకతోనే అందరి మెదడులో ఒకే జాబితా ఉంటుందని పాఠంలో రాసేస్తారు. రుజువేమిటంటే 1971 ప్రయోగం, నెల వయసు పిల్లలు కూడా బ, ప తేడా పట్టుకున్నారని. 1975లో చించిల్లా అనే ఎలుక జాతి జంతువు కూడా ద, త తేడాని దాదాపు మనుషుల సరిహద్దు దగ్గరే పట్టుకుంది. ఆ జంతువు బుర్రలోనూ మన వ్యాకరణం ఉందందామా?

నాలుకకొన
పుట్టుకతో వస్తాయని నేను ఎక్కడన్నాను? పైకి వెళ్లి చూడండి. పిల్లలు విని, పలికి, వాళ్లకు వాళ్లు కట్టుకుంటారనే నా నమ్మకం. చేతులతో మాట్లాడే సంజ్ఞా భాషల్లోనూ చేతి ఆకారం, స్థానం, కదలిక అని సంకేతాలు విడిపోతాయని 1960లోనే భాషాశాస్త్రవేత్త స్టోకీ చూపించాడు. నోటి కోసం పుట్టుకతో వచ్చిన జాబితా అయితే చేతులకు పనికిరాదు. కానీ నేర్చుకున్నవి నిజం కావా?

ప్రశ్నార్థకం
అయితే మన గొడవ ఇదన్నమాట. నేర్చుకున్నవే అయితే, నోరూ చెవీ కాక విడిగా ‘ఫీచర్’ అనేది ఇంకొకటి ఎందుకు కావాలి? అందరి నోరూ ఒకలాంటిదే కాబట్టి గుంపులూ ఒకలా ఉంటాయి.

నాలుకకొన
హాలే ఇచ్చిన పరీక్ష ఉంది. ఇంగ్లిష్ బహువచనం క్, ఫ్ తర్వాత ‘స్’ అనీ, గ్ తర్వాత ‘జ్’ అనీ పలుకుతుంది. జర్మన్ పేరు ‘బాఖ్’ కి ఇంగ్లిష్‌వాళ్లను బహువచనం చేయమంటే చివర ‘స్’ పెడతారు, ‘జ్’ పెట్టరు. ఆ చివరి ఖ్ వాళ్ల భాషలోనే లేదు, ఏ జాబితాలోనూ బట్టీపట్టలేదు. మరెలా తెలిసింది?

ప్రశ్నార్థకం
క్, ఫ్ లాగా వినిపిస్తుంది కాబట్టి.

నాలుకకొన
గ్ కి కూడా దగ్గరే కదా, పలికే చోటు ఒకటే. గ్ ని చూసి ‘జ్’ ఎందుకు పెట్టలేదు? ఏ విషయంలో దగ్గరో చెప్పాల్సి వస్తుంది. నాదం లేకపోవడంలో దగ్గర అన్నారనుకోండి, నేను ఫీచర్ అంటున్నది దాన్నే.

ప్రశ్నార్థకం
వాయిస్ మీద నేను పేచీ పెట్టలేదు, ద్రుతం దగ్గరే చెప్పాను. కంటిన్యుయెంట్‌కి ఇలాంటి పరీక్ష ఒకటి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

లిపిక
రేపే పరీక్ష అండీ. నిర్వచనం ముందు రాసి, దాని ప్రకారం గుర్తు పెడతాను. ‘ళ’ కి కూడా ఇదేనా?

నాలుకకొన
ఇదే. నాలుక వెనక్కి మడుస్తారు, గాలి పక్కల నుంచే పోతుంది. రెండో నిర్వచనం కూడా ఒక వాక్యంలో రాయండి.

ప్రశ్నార్థకం
బొమ్మ కూడా గీయండి. మార్కులు కోస్తే ఇక్కడ చెప్పండి.